రౌటర్లలో ప్యాకెట్ ఫార్వార్డింగ్ లోపాలు: ఆనవాళ్లు, నిర్ధారణ

ఒక పోర్టులో అందుకున్న ప్యాకెట్‌ను దాని మీదున్న గమ్య చిరునామాను బట్టి మరో పోర్టు గుండా సాగనంపడమే నెట్‌వర్క్ రౌటర్ అసలు పని. దీన్ని ప్యాకెట్ ఫార్వార్డింగ్ అంటారు. ఈ పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే ప్యాకెట్ మధ్యలోనే మాయం కావచ్చు, దారి తప్పవచ్చు, రెండు రౌటర్ల మధ్య గిరగిరా తిరగవచ్చు, లోపలి సమాచారం చెడిపోయి గమ్యం చేరవచ్చు. ఆ తప్పు ఏ రౌటర్‌లో, అందులోనూ ఏ అంచెలో ఉందో తేల్చడం నెట్‌వర్క్ ఇంజినీరింగ్‌లో ఒక ప్రత్యేక నైపుణ్యంగా ఎదిగింది.

కేబుల్ తెగితే అలారం మోగుతుంది. ఫార్వార్డింగ్ లోపం చాలాసార్లు ఏ అలారమూ లేకుండా సాగిపోతుంది. పోర్టు దీపాలు పచ్చగానే వెలుగుతాయి, పొరుగు రౌటర్లతో సంబంధాలు నిలిచే ఉంటాయి, రూటింగ్ టేబుల్లో మార్గం సరిగానే కనిపిస్తుంది. అయినా కొందరు వినియోగదారులకు కొన్ని పేజీలు మాత్రం తెరుచుకోవు. ఇక్కడ రౌటర్ తన గురించి తాను చెప్పేది సాక్ష్యంగా చాలదు. ప్యాకెట్‌కు నిజంగా ఏం జరిగిందో చూడాలి.

రెండు ప్లేన్లు, అనేక నకళ్లు

ఆధునిక రౌటర్‌లో పని రెండు భాగాలుగా సాగుతుంది. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ వంటి ప్రొటోకాళ్లతో పొరుగు రౌటర్ల నుంచి సమాచారం సేకరించి, ఏ చిరునామాకు ఎటు వెళ్లాలో లెక్కగట్టేది కంట్రోల్ ప్లేన్. ఆ లెక్క ప్రకారం ప్యాకెట్లను సాగనంపేది డేటా ప్లేన్. కంట్రోల్ ప్లేన్ తయారుచేసే రూటింగ్ టేబుల్‌ను ఇంజినీర్లు రిబ్ అంటారు. అందులోని ఉత్తమ మార్గాలను ఏరి కూర్చిన ఫార్వార్డింగ్ టేబుల్ ఫిబ్. పెద్ద రౌటర్లలో ఫిబ్ పోర్టులుండే ప్రతి లైన్ కార్డుకూ నకలవుతుంది, అక్కడి నుంచి చిప్ మెమరీలోకి ఎక్కుతుంది.

రైల్వే స్టేషన్లో టైంటేబుల్ సరిగ్గానే ఉన్నా, పట్టాల దగ్గర పాయింటు పడకపోతే బండి వేరే లైనులోకి మళ్లుతుంది. రౌటర్‌లోనూ అంతే. రిబ్ నుంచి ఫిబ్‌కు, ఫిబ్ నుంచి చిప్‌కు నకలు తీసే ప్రతి చోటా తేడా రావడానికి అవకాశం ఉంది. ఆ తేడా వచ్చినప్పుడు రూటింగ్ టేబుల్‌ను ఎన్నిసార్లు పరిశీలించినా లోపం కనిపించదు.

ఐపీవీ4 రౌటర్ ఏమేం చేయాలో 1995లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1812 (ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల శ్రేణిలోది) వివరంగా చెబుతుంది. ప్యాకెట్ ముందుండే హెడర్ పొడవు, వెర్షన్, అది చెడలేదని తెలిపే చెక్‌సమ్ సరిచూడాలి. గమ్య చిరునామాకు అన్నిటికన్నా ఎక్కువ బిట్ల మేర సరిపోయే మార్గాన్ని ఎంచాలి. ప్యాకెట్ ఆయుష్షును సూచించే టీటీఎల్‌ను తగ్గించి, చెక్‌సమ్‌ను మళ్లీ సరిచేయాలి. తదుపరి రౌటర్ హార్డ్‌వేర్ చిరునామాను కనుక్కోవాలి. ముందున్న లింకు మోయలేనంత పెద్ద ప్యాకెట్ అయితే ముక్కలు చేయాలి, ముక్కలు చేయకూడదన్న గుర్తు ఉంటే పంపినవారికి ఆ సంగతి తెలియజేయాలి. లోప నిర్ధారణ చేసేవారికి ఈ క్రమమే పటం. ప్రతి మెట్టుకూ తనదైన వైఫల్యం ఉంది, ఆ వైఫల్యానికి తనదైన ఆనవాలు ఉంది.

ఆర్పానెట్ నాటి అనుభవాలు

ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్‌లో రౌటర్ పనిచేసిన యంత్రం పేరు ఇంప్. బీబీఎన్ సంస్థ రూపొందించిన తొలి ఇంప్ 1969లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరింది. కొద్ది ఏళ్లకే హార్వర్డ్‌లోని ఇంప్‌లో మెమరీ చెడి, అన్ని గమ్యాలకూ తన నుంచి దూరం సున్నా అని ప్రకటించడం మొదలుపెట్టింది. పొరుగు యంత్రాలు ఆ మాట నమ్మాయి. నెట్‌వర్క్‌లోని ట్రాఫిక్ హార్వర్డ్ వైపు మళ్లి అక్కడే అంతరించింది. ప్యాకెట్లను మింగేసే ఇలాంటి చోటును నెట్‌వర్క్ ఇంజినీర్లు నేడు బ్లాక్‌హోల్ అంటారు.

1980 అక్టోబర్ 27న ఆర్పానెట్ గంటల తరబడి స్తంభించిన ఘటన మరింత లోతైనది. ఎరిక్ రోజెన్ 1981లో ఆర్‌ఎఫ్‌సీ 789గా దాన్ని విశ్లేషించారు. నాడు ఒక్కో ఇంప్ పంపే రూటింగ్ సందేశానికి ఆరు బిట్ల వరుస సంఖ్య ఉండేది. సంఖ్య 63 దాటాక మళ్లీ సున్నాకు వస్తుంది గనుక, ఏది కొత్తదో తేల్చడానికి వృత్తాకార పోలిక వాడేవారు. హార్డ్‌వేర్ లోపం వల్ల బిట్లు రాలి, ఒకే ఇంప్ పేరిట 8, 40, 44 సంఖ్యలున్న మూడు సందేశాలు చలామణిలోకి వచ్చాయి. పోలిక నియమం ప్రకారం 8 కన్నా 40 కొత్తది, 40 కన్నా 44 కొత్తది, 44 కన్నా మళ్లీ 8 కొత్తది. ప్రతి యంత్రమూ ప్రతి సందేశాన్నీ కొత్తదిగా భావించి పొరుగువారికి పంపుతూ పోయింది. ఈ సుడిలో ఇంప్‌ల ప్రాసెసింగ్ శక్తి, బఫర్లు హరించుకుపోయి మామూలు ట్రాఫిక్‌కు చోటు లేకుండా పోయింది.

ఒక ఇంప్‌ను ఆపి మళ్లీ నడిపితే ఫలితం లేదు. పొరుగు యంత్రం అవే మూడు సందేశాలను తిరిగి అందిస్తుంది. ఆ సందేశాలు ఎవరి పేరిట తిరుగుతున్నాయో ఆ 50వ నంబరు ఇంప్ నుంచి వచ్చే రూటింగ్ సందేశాలను పట్టించుకోవద్దని చెప్పే ప్యాచ్‌ను యంత్రాలన్నిటికీ ఎక్కించాకే నెట్‌వర్క్ తేరుకుంది. లైన్ల మీద ప్యాకెట్‌ను కాపాడిన చెక్‌సమ్, యంత్రం మెమరీలో రాలిన బిట్లను పట్టుకోలేకపోయింది. తర్వాతి కాలపు ఓఎస్‌పీఎఫ్‌లో వరుస సంఖ్య 32 బిట్లకు పెరిగింది, వృత్తం స్థానంలో సరళరేఖ వచ్చింది.

పట్టిక నిండినప్పుడు

వేగంగా మార్గం వెతకడానికి చాలా రౌటర్లు టీక్యామ్ అనే ప్రత్యేక మెమరీ వాడతాయి. దాని పరిమాణం పరిమితం. సిస్కో 6500, 7600 శ్రేణుల్లోని కొన్ని రౌటర్లలో ఐపీవీ4కు డిఫాల్టుగా కేటాయించిన చోటు 512కె మార్గాలకే సరిపోయేది. 2014 ఆగస్టు 12న వెరైజన్ నెట్‌వర్క్ నుంచి సుమారు 15,000 అదనపు మార్గాలు ఒక్కసారిగా వెలువడ్డాయి. ప్రపంచ రూటింగ్ టేబుల్ ఆ హద్దును తాకడంతో అనేక చోట్ల రౌటర్లు తడబడ్డాయి. టీక్యామ్‌లో చోటు దొరకని మార్గాలకు వెళ్లే ప్యాకెట్లు నెమ్మదైన సాఫ్ట్‌వేర్ దారి పట్టడం, లేదా పడిపోవడం ఈ రకం లోపానికి ఆనవాలు. కంట్రోల్ ప్లేన్ మెమరీలో చోటు ఉంటుంది గనుక రూటింగ్ టేబుల్ నిండుగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

కేటాయింపును మార్చి రౌటర్‌ను రీబూట్ చేయడమే నాటి పరిష్కారం. హద్దు గురించి తయారీదారు ముందే హెచ్చరించినా, రీబూట్‌కు సేవలు ఆపాల్సి రావడంతో చాలామంది వాయిదా వేశారు.

ఒక్క కూడికలో తేడా

రౌటర్ ప్రతి ప్యాకెట్ టీటీఎల్‌నూ ఒకటి తగ్గిస్తుంది. హెడర్ మొత్తాన్నీ మళ్లీ కూడకుండా, మారినంత మేరకే చెక్‌సమ్‌ను సవరించే ఉపాయాన్ని 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1141 సూచించింది. ఇంటర్నెట్ చెక్‌సమ్ వాడే ఒన్స్ కాంప్లిమెంట్ అంకగణితంలో సున్నాకు రెండు రూపాలున్నాయి: అన్ని బిట్లూ సున్నాలు, అన్ని బిట్లూ ఒకట్లు. కొన్ని అరుదైన విలువల దగ్గర ఆ సూత్రం మొదటిది రావలసిన చోట రెండోదాన్ని ఇస్తుంది. 1994లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1624 ఈ తప్పును ఉదాహరణతో చూపి సూత్రాన్ని సవరించింది.

చెక్‌సమ్‌ను కూడా కలిపి కూడి సరిచూసే యంత్రానికి రెండు సున్నాలూ ఒకటే. తానే కొత్తగా లెక్కగట్టి ప్యాకెట్‌లో ఉన్నదానితో పోల్చే యంత్రం మాత్రం ఆ ప్యాకెట్‌ను తిరస్కరిస్తుంది. అంటే లోపం రౌటర్‌లో ఉంటే ఫిర్యాదు ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ నుంచి వస్తుంది, అదీ ఎప్పుడో ఒకసారి.

చిన్నవి దాటి పెద్దవి ఆగినప్పుడు

వెబ్‌సైట్‌కు కనెక్షన్ కుదురుతుంది, పేజీ మాత్రం రాదు. పింగ్ పనిచేస్తుంది, ఫైలు దిగదు. ఈ జత లక్షణాలు కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది ఎంటీయూను, అంటే లింకు మోయగల గరిష్ఠ ప్యాకెట్ పరిమాణాన్ని. ఈథర్‌నెట్‌లో అది 1500 బైట్లు. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌లో తెలుగు ఇళ్లకు పరిచితమైన పీపీపీఓఈ లాగిన్ పద్ధతి అందులో 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. దారిలో ఎక్కడో ఇరుకుందని పంపినవారికి చెప్పే ఐసీఎంపీ సందేశం మీదే 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191 పద్ధతి ఆధారపడింది. రౌటర్ ఆ సందేశం పంపకపోయినా, భద్రత పేరుతో ఫైర్‌వాల్ దాన్ని ఆపేసినా, పెద్ద ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా అంతరిస్తాయి.

ముక్కలు చేయవద్దన్న గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపితే, 28 బైట్ల హెడర్లు కలిసి సరిగ్గా 1500 అవుతుంది. అక్కడి నుంచి పరిమాణం తగ్గించుకుంటూ వస్తే ఇరుకు ఎంతో తేలిపోతుంది. టీసీపీ కనెక్షన్ మొదట్లోనే సెగ్మెంట్ పరిమాణాన్ని తగ్గించి రాసే ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ దీనికి విస్తృతంగా వాడే మందు. 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4821 ఐసీఎంపీ మీద ఆధారపడకుండా పరిమాణాన్ని కనుక్కునే మార్గం చూపింది.

చిప్ ఊహించినప్పుడు

ఎంపీఎల్ఎస్ నెట్‌వర్క్‌లో ప్యాకెట్ మీద లేబుళ్లు ఉంటాయి గానీ, వాటి కింద ఏ రకం సమాచారం ఉందో చెప్పే గుర్తు ఉండదు. ట్రాఫిక్‌ను అనేక లింకుల మీద పంచాలనుకున్న రౌటర్ చిప్‌లు లేబుళ్ల తర్వాతి మొదటి నాలుగు బిట్లు చూసి ఊహించడం మొదలుపెట్టాయి. విలువ 4 అయితే ఐపీవీ4, 6 అయితే ఐపీవీ6. అయితే ఆ లేబుళ్ల కింద ఈథర్‌నెట్ ఫ్రేమ్ ఉంటే ఆ చోట ఉండేది గమ్య యంత్రపు మ్యాక్ చిరునామా. 4తో, 6తో మొదలయ్యే మ్యాక్ చిరునామాలున్న పరికరాలు మార్కెట్లోకి వచ్చాక, చిప్ వాటిని ఐపీ ప్యాకెట్లుగా పొరబడి, ఒకే సంభాషణకు చెందిన ఫ్రేముల్ని వేర్వేరు లింకుల మీదికి చిమ్మింది. అవి వరుస తప్పి చేరాయి. పరికరం మారిస్తే సమస్య పోవడం, పాత పరికరం పెడితే తిరిగి రావడం వల్ల నెట్‌వర్క్ ఇంజినీర్లు తొలుత ఆ పరికరాన్నే తప్పుపట్టే ప్రమాదం ఉండేది. ఈథర్‌నెట్‌ను మోసేటప్పుడు చిప్ పొరబడకుండా కాపాడే కంట్రోల్ వర్డ్‌ను లేబుళ్లకూ ఫ్రేముకూ మధ్యలో, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, వాడాలని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8469 సిఫార్సు చేసింది.

చెడిన సమాచారం

జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఒక గట్టి నమ్మకాన్ని కదిలించింది. లింకు స్థాయి సీఆర్‌సీ పరీక్ష నెగ్గిన ప్యాకెట్లలోనూ 1,100కు ఒకటి నుంచి 32,000కు ఒకటి దాకా టీసీపీ చెక్‌సమ్ దగ్గర విఫలమవుతున్నట్టు వారు పరిశీలించిన ట్రాఫిక్‌లో తేలింది. సీఆర్‌సీని ప్రతి లింకు చివరా తీసేసి కొత్తగా కడతారు. రౌటర్ మెమరీలో ప్యాకెట్ చెడితే, చెడిన రూపానికే కొత్త సీఆర్‌సీ వచ్చి చేరుతుంది.

చివరి కాపలాదారు టీసీపీ చెక్‌సమ్. అది కూడా నిద్రపోతే ఏమవుతుందో 2016 ఆరంభంలో వెల్లడైన లినక్స్ లోపం చూపింది. కంటెయినర్లను నెట్‌వర్క్‌కు కలిపే వీఈత్ అనే కృత్రిమ ఇంటర్‌ఫేస్, బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ల మీద చెక్‌సమ్ పరీక్ష అక్కర్లేదని గుర్తు వేస్తూ వచ్చింది. ఒకే యంత్రంలోని రెండు చివరల మధ్య ఆ ఊహ సబబే, నిజమైన నెట్‌వర్క్ కార్డు నుంచి వచ్చిన ప్యాకెట్లకు కాదు. ట్విట్టర్ డేటా సెంటర్‌లో ఒక స్విచ్ హార్డ్‌వేర్ చెడిపోయి ప్యాకెట్లను పాడుచేసినప్పుడు, ఆ చెడిన సమాచారం నేరుగా అప్లికేషన్ల దాకా వెళ్లింది. దిద్దుబాటు కెర్నెల్‌లో చేరింది.

దూరం నుంచి వచ్చే దెబ్బ

కొన్నిసార్లు ఒక రౌటర్‌లోని లోపాన్ని మరో ఖండంలోని సందేశం నిద్రలేపుతుంది. 2009 ఫిబ్రవరి 16న చెక్ దేశంలోని ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థ తన మార్గాన్ని పొడుగ్గా చూపాలనుకుంది. తన నెట్‌వర్క్ నంబరును మార్గంలో ఎన్నిసార్లు చేర్చాలో రాయాల్సిన చోట ఆ నంబరునే, అంటే 47868ని, నమోదు చేసింది. ఎనిమిది బిట్లలో ఆ సంఖ్య 252గా మిగిలింది, మార్గంలో ఆ నంబరు అన్నిసార్లు చేరింది. అంత పొడవైన మార్గాన్ని భరించలేని పాత సిస్కో సాఫ్ట్‌వేర్ ఉన్న చోట్ల బీజీపీ సెషన్లు పదేపదే తెగాయి. 2010 ఆగస్టు 27న ఐరోపా ఇంటర్నెట్ చిరునామాల సంస్థ రైప్ ఎన్‌సీసీ, డ్యూక్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రయోగంలో నియమబద్ధమైన కొత్త బీజీపీ లక్షణాన్ని కొన్ని సిస్కో ఐఓఎస్ ఎక్స్ఆర్ రౌటర్లు పాడుచేసి పొరుగువారికి పంపాయి. సందేశం తప్పుగా ఉందని ఆ పొరుగువారు సంబంధం తెంచుకున్నారు. పడిపోయింది ఒకరి సెషన్, లోపం ఇంకొకరిది.

నిర్ధారణ క్రమం

అనుభవజ్ఞులు కమాండ్లతో కాకుండా ప్రశ్నలతో మొదలుపెడతారు. ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు? ఏ ప్రొటోకాల్, ఏ పోర్టు, ఎంత పరిమాణం? రెండు దిశల్లోనూనా, ఒకదాంట్లోనేనా? తర్వాత ఒకసారికి ఒక్క అంశమే మారుస్తూ ప్రయత్నిస్తారు. పరిమాణంతో పాటు లక్షణం మారితే ఎంటీయూ, సోర్స్ పోర్టుతో పాటు మారితే సమాన మార్గాల మధ్య పంపకం, గమ్య ప్రిఫిక్స్‌తో (చిరునామా ముందుభాగంతో) పాటు మారితే ఫార్వార్డింగ్ టేబుల్ అనుమానితులవుతాయి. నాలుగు సమాన లింకుల్లో ఒకటి చెడితే దాదాపు పావు వంతు కనెక్షన్లే దెబ్బతింటాయి, అవీ ప్రతిసారీ అవే.

తర్వాతిది లెక్క సరిచూడటం. రౌటర్‌లోకి వచ్చిన ప్యాకెట్లు, బయటికి వెళ్లినవి, తనకోసమే వచ్చినవి, పారేసినవి కలిపి చూస్తే జమాఖర్చు కుదరాలి. తెలిసిన సంఖ్యలో, గుర్తుపట్టగల పరిమాణంలో పరీక్షా ప్యాకెట్లు పంపి ఏ కౌంటర్ కదిలిందో చూడటం పాతదైనా ఇప్పటికీ పదునైన పద్ధతి. లెక్క తెగిన చోట వెతుకులాట ఇరుకవుతుంది. అప్పుడు ఒకే ప్రిఫిక్స్‌ను రిబ్‌లో, ఫిబ్‌లో, లైన్ కార్డులో, చిప్‌లో వరుసగా చదివి ఎక్కడ మాట మారిందో చూస్తారు.

ఈ దశలో రీబూట్ చేయాలన్న ఒత్తిడి బలంగా ఉంటుంది. రీబూట్‌తో సేవ తిరిగి రావచ్చు, కానీ చిప్‌లోని తప్పుడు విలువ, కౌంటర్లు, మెమరీ స్థితి అన్నీ చెరిగిపోతాయి. అందుకే వాటిని భద్రపరచుకున్నాకే రౌటర్‌ను ముట్టుకోవాలి. ఆపై ప్రయోగశాలలో అదే ప్యాకెట్‌ను తిరిగి పంపి లోపాన్ని రప్పించగలిగితే, కోడ్ చరిత్రను సగానికి సగం విడదీస్తూ ఏ మార్పుతో తప్పు దూరిందో గిట్ బైసెక్ట్ తేల్చిపెడుతుంది.

తప్పులా కనిపించేదంతా బగ్ కాదు. లినక్స్‌లో ఫార్వార్డింగ్ డిఫాల్టుగా మూసి ఉంటుంది. ప్యాకెట్ వచ్చిన దారినే జవాబు వెళ్లాలని పట్టుబట్టే ఆర్‌పీ ఫిల్టర్ కఠిన పద్ధతిలో ఉంటే, రాకపోకల దారులు వేరైన నెట్‌వర్క్‌లో సక్రమమైన ప్యాకెట్లనూ పారేస్తుంది. అసాధారణ చిరునామాలను లాగ్ చేసే ఎంపికను తెరవకపోతే ఆ సంగతి లాగ్‌లోకి ఎక్కదు.

పనిముట్లు, వాటి పరిమితులు

మైక్ మూస్ 1983 డిసెంబర్‌లో రాసిన పింగ్, వాన్ జేకబ్‌సన్ 1980ల చివర్లో రూపొందించిన ట్రేస్‌రూట్ నేటికీ తొలి ఆయుధాలు. వాటిని చదవడంలోనే నేర్పుంది. రౌటర్‌కే పింగ్ చేస్తే జవాబిచ్చేది దాని సీపీయూ, అసలు ఫార్వార్డింగ్ దారి కాదు. సీపీయూ తన రక్షణ కోసం ఐసీఎంపీ జవాబులను పరిమితం చేస్తుంది గనుక, దారి మధ్యలోని రౌటర్ దగ్గర నష్టం కనిపించి గమ్యం దగ్గర కనిపించకపోతే అది నిజమైన నష్టం కాదు. పాత ట్రేస్‌రూట్ పంపే ప్యాకెట్లలో పోర్టు నంబర్లు మారుతుంటాయి. అవి వేర్వేరు సమాన మార్గాల్లో వెళ్లి, లేని దారిని ఉన్నట్టు చూపుతాయి. 2006లో వచ్చిన పారిస్ ట్రేస్‌రూట్ ఆ విలువలను స్థిరంగా ఉంచి ఈ చిక్కు తీర్చింది.

ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌కూ హద్దులున్నాయి. చిప్ స్వయంగా సాగనంపిన ప్యాకెట్ సీపీయూ దాకా రాదు గనుక అది అక్కడ కనపడదు. కార్డు చేసే ఆఫ్‌లోడ్ పనుల వల్ల చెక్‌సమ్ తప్పుగా, ప్యాకెట్లు ఎంటీయూను మించినట్టుగా కనిపించవచ్చు. వైరు మీద అవి సరిగానే ఉంటాయి. వచ్చిన ప్యాకెట్లను కలిపేసే ఎల్‌ఆర్‌ఓ ఫార్వార్డింగ్‌ను చెడగొడుతుంది కాబట్టే, ఫార్వార్డింగ్ తెరిచిన వెంటనే లినక్స్ దాన్ని ఆపేస్తుంది.

సాఫ్ట్‌వేర్ రౌటర్లలో లోపలికి చూడటం సులువు. లినక్స్‌లో ఐపీ రూట్ గెట్ కమాండ్ ఒక చిరునామాకు కెర్నెల్ ఎంచే మార్గాన్ని చెబుతుంది. డ్రాప్‌వాచ్ కెర్నెల్‌లో ప్యాకెట్ పడిపోయిన చోటును చూపుతుంది. 2022లో వచ్చిన 5.17 వెర్షన్ నుంచి ఆ చోటుతో పాటు కారణాన్ని కూడా కెర్నెల్ నమోదు చేయడం మొదలైంది. ఎఫ్‌డీ డాట్ ఐఓ ప్రాజెక్టులోని వీపీపీ 256 దాకా ప్యాకెట్లను గుత్తిగా ప్రాసెస్ చేస్తుంది, ట్రేస్ తెరిస్తే ఒక్కో ప్యాకెట్ ఏయే నోడ్ల గుండా వెళ్లిందో రాసి పెడుతుంది. దాని కోడ్‌లో చాలా చోట్ల ప్యాకెట్లను జంటలుగా, నాలుగేసిగా చూసే లూప్ ఒకటి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా చూసే లూప్ ఒకటి ఉంటాయి. జంటల లూప్‌లోనే తప్పుంటే ఒంటరి పింగ్ ఎప్పుడూ నెగ్గుతుంది. అందుకే అలాంటి రౌటర్‌ను భారం మీద పరీక్షించకుండా బాగుందని చెప్పలేం.

ఫిర్యాదుకు ముందే పట్టుకోవడం

గత పదిహేనేళ్లలో పరిశోధన ఈ దిశగా బలపడింది. 2012లో పేమాన్ కజెమియాన్, జార్జ్ వర్గీస్, నిక్ మెక్‌కియోన్ ప్రతిపాదించిన హెడర్ స్పేస్ విశ్లేషణ ప్యాకెట్ హెడర్‌ను గణిత అంతరాళంలోని బిందువుగా, రౌటర్‌ను ఆ బిందువును కదిలించే ఫంక్షన్‌గా చూస్తుంది. లూపులు, అందకుండా పోయే గమ్యాలు నిజమైన ప్యాకెట్ పంపకుండానే లెక్కలో బయటపడతాయి. అయితే చిప్‌లో చెడిన బిట్‌ను ఈ లెక్క చూడలేదు. ఆ ఖాళీని పూరించడానికే, ప్రతి లింకునూ ప్రతి నియమాన్నీ తాకే అతి తక్కువ పరీక్షా ప్యాకెట్లను తయారుచేసే ఏటీపీజీ పద్ధతిని వారే మరొకరితో కలిసి అదే ఏడాది ముందుకు తెచ్చారు.

మైక్రోసాఫ్ట్ 2015లో వివరించిన పింగ్‌మెష్ వ్యవస్థలో డేటా సెంటర్ల సర్వర్లు నిరంతరం ఒకదాన్నొకటి పలకరిస్తూ ఉంటాయి. కొన్ని చిరునామా జతలకు మాత్రమే ప్యాకెట్లను మింగే స్విచ్‌లు, కొన్ని చిరునామా-పోర్టు కలయికలకు మాత్రమే మింగేవి ఇలా బయటపడ్డాయి. కౌంటర్లలో వీటి జాడ లేదు. గూగుల్ 2022లో ప్రచురించిన స్విచ్‌వీ మరో అడుగు వేసింది. స్విచ్ ఎలా ప్రవర్తించాలో పీ4 భాషలో రాసుకుని, ఆ రాతనే ఆధారంగా చేసుకుని పరీక్షా ప్యాకెట్లను యాంత్రికంగా పుట్టించి, నమూనా ఇచ్చిన ఫలితాన్ని నిజమైన స్విచ్ ఇచ్చినదానితో పోలుస్తుంది. రెండూ వేరైతే తప్పు స్విచ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండవచ్చు, చిప్‌లో ఉండవచ్చు, రాసుకున్న నమూనాలోనే ఉండవచ్చు. ఆ మూడింటిలో ఏదో తేల్చే పని ఇప్పటికీ ఇంజినీర్లదే.